పాస్‌పోర్టు ప్రస్థానం

ప్రయాణానికి ముందు ఒక సంచి తీసుకుపోయి పక్కింట్లో పెట్టే అలవాటుకు చరిత్ర గ్రంథాల్లో దక్కవలసిన గౌరవం దక్కలేదు. రాజులు దండెత్తిన తేదీలు దొరుకుతాయి, కోటలు కూలిన తేదీలు దొరుకుతాయి. కానీ దండెత్తవలసిన రోజు మంచిది కాదని తేలితే, రాజుగారి కత్తిని అంతకు ముందే ఒక శుభఘడియలో పొరుగువారి చావిట్లో పెట్టించి, "ఏలినవారు బయలుదేరినట్టే" అని గ్రహాలకు నచ్చజెప్పిన మహానుభావుడి పేరు ఏ శాసనంలోనూ లేదు. ఆ ఏర్పాటును ప్రస్థానం అంటారు. మనిషి తనకు వీలైన రోజున కదులుతాడు. అతని వస్తువు మంచిరోజున కదిలి, పక్కింట్లో అతని కోసం కాచుకొని కూర్చుంటుంది. వస్తువును చూసి గ్రహాలు మనిషి వెళ్ళిపోయాడనుకుంటాయి. ఇంత సులువుగా మోసపోయే గ్రహాలకు జనం ఇన్ని తరాలుగా ఎందుకు భయపడుతున్నారో, దాని మీద కూడా ఎవరూ పరిశోధన చెయ్యలేదు.

అనంతపురంలో ఈ శాస్త్రాన్ని కడదాకా నిలబెట్టినవాడు శ్రీరంగప్ప. గుంతకల్లు స్టేషన్లో రిజర్వేషన్ కిటికీ వెనక ఉద్యోగమంతా గడిపి, రిటైరై అనంతపురంలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ కిటికీ కంతలోంచి ఆయన కాశీకీ ఢిల్లీకీ కలకత్తాకూ పంపిన జనం ఒక జిల్లాకు సరిపోతారు. తాను మాత్రం తిరుపతి దాటి ఎరగడు. కౌంటర్లో ఉన్నన్నాళ్ళూ ఎవరు టికెట్టు అడిగినా ఆయన ఎదురు అడిగేది ఒకటే.

"పోయేదానికి ఎవడన్నా పోతాడప్పా. వచ్చేదానికి తీసుకున్నావా?"

లైన్లో వెనకున్నవాళ్ళు తిట్టేవాళ్ళు. పుట్టింటికి శాశ్వతంగా పోతున్న ఒకావిడ ఈ ప్రశ్నకు అక్కడే ఏడ్చేసిందని కూడా అంటారు. శ్రీరంగప్ప చలించలేదు. తిరుగు టికెట్టు లేని ప్రయాణాన్ని ఆయన ప్రయాణంగా లెక్కవేసేవాడు కాడు.

ఇంటి మీద రెండు గదులు వేశాడు. తొంభైల చివర్లో విశ్వవిద్యాలయానికి యెమెన్ నుంచి, సూడాన్ నుంచి, ఇథియోపియా నుంచి విద్యార్థులు రావడం మొదలైంది. వాళ్ళకు మన దేశం వీసా ఇవ్వగలిగింది గాని, హాస్టల్లో నీళ్ళు ఇవ్వలేకపోయింది. శ్రీరంగప్ప బోరులో అప్పటికి ఇంకా తడి ఉండేది. అలా ఆ రెండు గదులూ అంతర్జాతీయమయ్యాయి.

రైల్వే నిబంధనలు లేక వెలితిగా ఉన్న మనిషికి వీసా నిబంధనలు దొరికాయి. ఆయన వాటిని భక్తితో నేర్చుకున్నాడు. వచ్చిన కొద్దిరోజుల్లోనే పోలీసు ఆఫీసులో విదేశీయుల సెక్షన్లో పేరు రాయించుకోవాలి. గది మారితే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో ఊరికి పోవాలంటే వీసా మీద ఏం రాసి ఉందో చూసుకోవాలి. ఎన్నిసార్లయినా రావచ్చని ఉంటే నిశ్చింత. ఒక్కసారే అని ఉంటే, బయటికి పోయిన క్షణాన అది చెల్లిపోయినట్టే. అందుకని దేశం దాటకముందే తిరిగి రావడానికి ఒక ముద్ర వేయించుకోవాలి. ఈ సంగతిని ఆయన కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పేవాడు.

"సినిమాకు పోతావు. ఇంటర్వెల్లో బయటికొచ్చి టీ తాగుతావు. మల్ల లోపలికి పోవల్లంటే ఏం చూపిస్తావు? గేట్‌పాసు. అది ముందే అడిగి తీసుకోవల్ల. బయటికొచ్చినాక గేటు కాడ నిలబడి ఏడిస్తే గూర్ఖాకేం పనప్పా?"

ఏ దేశంవాడికైనా ఇది అర్థమయ్యేది. విదేశీయుల సెక్షన్లో హెడ్‌కానిస్టేబుల్ నల్లప్ప, శ్రీరంగప్ప ఒక పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని గుమ్మంలోకి రాగానే "రాప్పా, మా డిపార్ట్‌మెంటులో నీకొక లాఠీ ఇప్పించల్ల" అనేవాడు. వచ్చినవాళ్ళంతా పోయారు, పోయినవాళ్ళంతా తిరిగి వచ్చారు. శ్రీరంగప్పకు ఇంతకు మించిన సర్వీసు మెడల్ అక్కర్లేదు.

ఇంతలో తెస్ఫాయే వచ్చాడు.

ఇథియోపియాలో కరువు ప్రాంతం నుంచి, కరువు నేలల మీద ఎమ్మెస్సీ చదవడానికి, అనంతపురం వచ్చాడు. ఆ దేశ ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ పంపింది. కరువు నుంచి కరువుకు మనిషిని పంపడానికి రెండు ప్రభుత్వాలు సంతకాలు పెట్టడం పరిపాలనా చరిత్రలో అరుదు. గార్లదిన్నె చుట్టుపక్కల చేలల్లో తిరిగి మట్టి తవ్వుకొచ్చి, గుడ్డసంచుల్లో పోసి, గదిలో గోడవారగా పేర్చుకునేవాడు. రైతులు అతన్ని చూసి మొదట బోరు వేసే కంపెనీవాడనుకున్నారు, తర్వాత నష్టపరిహారం రాసుకునేవాడనుకున్నారు. మట్టికోసం వచ్చాడంటే మాత్రం నమ్మలేదు.

తెస్ఫాయే అనే పేరు మా వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. శ్రీరంగప్ప భార్య నాగలక్ష్మమ్మ అతనికి తిప్పయ్య అని పెట్టేసింది. అతను ఆమెను పెద్దమ్మ అన్నాడు, ఆయన్ను పెద్దనాయన అన్నాడు. రాగిసంగటిలో వేలు పెట్టి, "ఇది మాది గూడా" అన్నాడు. ఏడాది తిరిగేసరికి కూరగాయల బండివాడితో "ఏమప్పా, ఎండినియ్యి అమ్ముతాండావే" అని జగడమాడే స్థాయికి వచ్చాడు. నాగలక్ష్మమ్మ అతన్ని చూపించి, "చూడు, ఏడాదిలో నేర్చె. మా ఇంటాయన ముప్పై ఏండ్లయినా నా మాట నేర్వలేదు" అనేది.

రెండువేల మూడు వేసవిలో, ఈస్టర్ పండగ కాగానే తెస్ఫాయే చెల్లెలి పెళ్ళి కుదిరింది. జూన్‌లో చివరి పరీక్షలు. అవి రాస్తే డిగ్రీ, ఊళ్ళో వ్యవసాయశాఖలో ఉద్యోగం. రాయకపోతే స్కాలర్‌షిప్ ఆ ఏడుతో సరి, మళ్ళీ ఇవ్వరు. పెళ్ళికి పోయి, మే నెల నడుమకల్లా వచ్చెయ్యాలి. అతని వీసా మీద ఒక్కసారే అని ఉంది.

శ్రీరంగప్ప యథావిధిగా అతన్ని పోలీసు ఆఫీసుకు తీసుకుపోయాడు. నల్లప్ప అర్జీ తీసుకున్నాడు. సంతకం పెట్టవలసిన సారు మంత్రి పర్యటన బందోబస్తులో ఉన్నాడు, వచ్చిన రోజు ఫోను చేస్తాను, పాస్‌పోర్టు పట్టుకొని పరుగెత్తి రండి అన్నాడు. అంతవరకు అంతా శాస్త్రోక్తమే.

చిక్కు బొంబాయి రైలు దగ్గర వచ్చింది. విమానం బొంబాయిలో. రైలు బుధవారం. రైలు ఇక్కణ్ణుంచి గుంతకల్లు వైపు, అంటే ఉత్తరానికి పోతుంది. మంగళ, బుధవారాలు ఉత్తరశూల. ఆ దిక్కుకు ఆ రోజుల్లో కదలకూడదు.

"విమానం పడమరకు పోతాది గదా పెద్దనాయనా" అన్నాడు తెస్ఫాయే.

"నువ్వు విమానం మా వాకిట్లో ఎక్కుతావా? మొదటి అడుగు యా దిక్కు పడితే అదే దిక్కు."

రైలు మార్చడానికి లేదు, విమానం మార్చడానికి లేదు. కాబట్టి ప్రస్థానం తప్పదు. సోమవారం పొద్దున మంచి ఘడియ ఉంది. ఇక ఏ వస్తువు పెట్టాలన్నది ప్రశ్న. దీని మీద శ్రీరంగప్ప ఒక పూట ఆలోచించాడు. ఎవరి బతుకు దేని మీద నడుస్తుందో వాళ్ళు అది పెట్టాలి. యోధుడైతే కత్తి, పురోహితుడైతే జంధ్యం, సేద్యగాడైతే ములుకోల. మరి పరదేశంలో చదువుకునేవాడి బతుకు దేని మీద నడుస్తుంది? పుస్తకాల మీద కాదు. పుస్తకాలు లేకపోయినా ఎవరూ దేశం నుంచి పంపించెయ్యరు.

సోమవారం పొద్దున పాస్‌పోర్టును పసుపుగుడ్డలో చుట్టి, రెండు తమలపాకులు పెట్టి, ఉత్తరం వైపు ఉన్న ఓబమ్మ ఇంటికి ఊరేగింపుగా తీసుకుపోయారు. ఊరేగింపు అంటే ముగ్గురు. ఓబమ్మ దాన్ని బియ్యం డ్రమ్ములో పెట్టి, మీద చాట బోర్లించింది. తెస్ఫాయే చాటకు కూడా దణ్ణం పెట్టాడు. ఎదుటివాళ్ళ దేవుడు ఎక్కడుంటాడో తెలియనప్పుడు అన్నిటికీ పెట్టడం మంచిదని అతని అభిప్రాయం.

మంగళవారం పొద్దున నల్లప్ప ఫోను చేశాడు.

"సారొచ్చినాడు. మధ్యాన్నం కదిరికి పోతాడు, ఇంగ సోమవారం దాకా దొరకడు. పాస్‌పోర్టు తీసుకొని రాండి."

తెస్ఫాయే చెప్పులేసుకున్నాడు.

"పోయి తెచ్చుకొస్తా పెద్దనాయనా."

"ఏంది తెచ్చేది?"

"పాస్‌పోర్టు. ఓబమ్మక్క ఇంట్లోనించి."

"తెచ్చి?"

"పోలీసాఫీసుకు."

"యా తోవన పోతావు?"

"ఇదే తోవ. మన ఇంటి ముందరనించే గదా."

శ్రీరంగప్ప కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచాడు. కౌంటర్లో ఉన్న రోజుల్లో, వెయిటింగ్ లిస్టు ఖాయం కాలేదని చెప్పేముందు కూడా ఇలాగే తుడిచేవాడు.

"పెట్టిన పరస్తానం మల్లా మన వాకిలి ముందరికి రాగూడదు తిప్పయ్యా. వచ్చిందంటే పోయినోడు తోవలోనే ఎనిక్కి తిరిగినట్ల. అది ప్రయాణం కాదు."

"ముద్ర లేకుంటే నేను ఎనిక్కి రాలేను. నువ్వే చెప్తివి. సినిమా, గేట్‌పాసు."

"చెప్తి. కాదన్లేదు."

నాగలక్ష్మమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. "సంచిలో దాచి తీసకపోతే ఏమయితాది?"

"గ్రహాలకు సంచి అడ్డమా?"

"ఆహా! డ్రమ్ములో ఉన్న బుక్కును చూసి మనిషే పోయినాడనుకునే గ్రహాలు, సంచిలో ఉండేది కనుక్కుంటాయా? ఏం గ్రహాలయ్యా నీవి, రైల్వేలో పని చేసినాయా?"

ఓబమ్మ బిందె పట్టుకొని నీళ్ళకు వచ్చింది. ఆమెకు ఆమె బాధ ఉంది.

"నా సంగతేమన్నా? అన్నం వండల్లంటే బియ్యం తీయల్ల. బియ్యం తీయల్లంటే అది కదపల్ల. కదిపితే పాపం నాకా, ఈయప్పకా?"

"బియ్యం మా ఇంట్లో తీసుకో. దాన్ని కదపాకు."

"అట్లయితే పప్పు గూడా మీదే. పప్పు దాని పక్కనే ఉండాది."

తెస్ఫాయే నవ్వలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. "పెద్దనాయనా, పరీక్ష పోతే నాకు ఇంగేం లేదు" అన్నాడు.

అప్పుడు శ్రీరంగప్ప, ఎన్నడూ ఎత్తని పేరు ఎత్తాడు. "శివప్ప గూడా ఇట్లే ఎనిక్కి తెచ్చుకున్నాడు."

శివప్ప ఆయన తమ్ముడు. తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలో పని దొరికి, పోవలసిన రోజు మంచిది కాదని ముందురోజు పక్కింట్లో సంచి పెట్టాడు. దువ్వెన అందులో ఉండిపోయిందని సాయంత్రం సంచి ఇంటికి తెచ్చుకున్నాడు. తల దువ్వుకొని, మళ్ళీ తీసుకుపోయి పెట్టాడు. మరుసటి రోజు అతనెక్కిన లారీ తాడిపత్రి చేరలేదు. బండల లోడు, పాత టైర్లు, తాగిన డ్రైవరు. ఇవన్నీ కేసులో రాశారు. శ్రీరంగప్ప దృష్టిలో కారణం దువ్వెన.

"చదువు పోతే చదువు పోతాది. నువ్వే పోతే మీయమ్మకు నేనేం చెప్పల్ల? ఆడ మీ ఊర్లో మన ఎంబసీ ఉండాది. మన ఎంబసీ, మన ముద్ర. ఆడ ఏయించుకో. మనోళ్ళు ఎయ్యకపోతారా?"

ఇన్నేళ్ళలో ఆయన ఎవరికీ ఇవ్వని సలహా అది. బయటికి పోయినాక గేటు దగ్గర నిలబడమని చెప్పాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెస్ఫాయేకూ తెలుసు. కానీ తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ముందు గేట్‌పాసు గురించి వాదించడం తెస్ఫాయే పెరిగిన ఇంట్లో నేర్పలేదు. చెప్పులు విడిచి లోపలికి పోయాడు. మధ్యాహ్నం సారు కదిరికి పోయాడు.

బుధవారం ప్రయాణం దివ్యంగా జరిగింది. ఎవరూ తుమ్మలేదు. ఎవరూ "యాడికి" అని అడగలేదు. ఓబమ్మ ఇంటి వాకిట్లో పాస్‌పోర్టు అందుకొని, వెనక్కి తిరక్కుండా తెస్ఫాయే ఆటో ఎక్కాడు. "మట్టి సంచులు ఉండనీ పెద్దమ్మా, వచ్చి చూసుకుంటా" అన్నాడు. రైలు సమయానికి వచ్చింది. ఆ లైన్లో అది శకునాలకు మించిన విశేషం.

వారం తిరక్కుండా వీధి చివరి ఎస్టీడీ బూతుకు ఫోను వచ్చింది. క్షేమంగా చేరాడు. శ్రీరంగప్ప వీధిలో ఒక్కొక్క గడపా ఎక్కి చెప్పాడు. "చూస్తిరా? కాలికి ముల్లు గూడా గుచ్చుకోలేదు."

రెండో ఫోను పెళ్ళయిన తర్వాత వచ్చింది.

"ఎంబసీలో ముద్ర లేదంట పెద్దనాయనా. కొత్త వీసాకు మొదటినించి అర్జీ పెట్టల్లంట. నేను ఆడ చదువుతాండానని యూనివర్సిటీ కొత్తగా రాసియ్యల్లంట."

శ్రీరంగప్ప మరుసటి పొద్దున్నే సిటీబస్సెక్కి విశ్వవిద్యాలయానికి పోయాడు. వేసవి సెలవులు. సంతకం పెట్టేవారు తిరుపతిలో ఉన్నారు. ఆయన రోజూ పోయాడు. వాచ్‌మన్ లింగన్న ఆయనకు బెంచీ మీద చోటు ఉంచడం మొదలుపెట్టాడు. "ఎవురన్నా ఆ తిప్పయ్య, మీ అల్లుడా?" అని అడిగాడు. శ్రీరంగప్ప సంతకం పెట్టేవారు ఎప్పుడొస్తారని అడిగాడు. ఎండలో తిరిగి తిరిగి ఆయనకు జ్వరం వచ్చింది. జ్వరంలో కూడా పోయాడు. చివరికి సంతకమైన కాగితం చేతికొచ్చింది, కొరియరులో పోయింది, అక్కడ అందింది. వీసా ఇస్తామని వాళ్ళు కబురు చేసిన రోజుకు ఇక్కడ నోటీసు బోర్డు మీద పరీక్షల టైంటేబుల్ చించేశారు.

మూడో ఫోను చిన్నది.

"పరీక్ష అయిపోయిందా పెద్దనాయనా?"

"అయిపోయిందప్పా."

బూతులో మీటరు ఎర్రగా తిరుగుతూ ఉంది.

"సరేలే. పెద్దమ్మను అడిగినానని చెప్పు. నీ జ్వరం తగ్గిందా?"

జ్వరం సంగతి ఎవరు చెప్పారో శ్రీరంగప్పకు తెలియదు. తగ్గిందని చెప్పి పెట్టేశాడు.

తెస్ఫాయే ఊళ్ళో బడిపంతులయ్యాడని ఆ తర్వాత తెలిసింది. వ్యవసాయశాఖ ఉద్యోగం డిగ్రీ ఉన్న ఇంకెవరికో పోయింది. మట్టి సంచులు గోడవారగా రెండేళ్ళున్నాయి. గదికి కొత్తవాళ్ళు వస్తే శ్రీరంగప్ప ఖాళీ లేదనేవాడు. మూడో ఏడు నాగలక్ష్మమ్మ ఆ మట్టిని పెరట్లో పోసి మెంతులు చల్లింది. మొలవలేదు. పరిశోధన ఫలితం మాకు అలా తెలిసింది.

ఇంత జరిగినా మా వీధిలో శ్రీరంగప్పను ఒక్కరు ఒక్క మాట అనలేదు. అదే ఆయనకు పడిన శిక్ష. పైగా పేరు పెరిగింది. ఉత్తరశూలలో పోయినవాడు ఆకాశమార్గాన క్షేమంగా దిగాడన్న కీర్తి తాడిపత్రి దాకా పాకింది. బిడ్డను బెంగుళూరు పంపేవాళ్ళు, గల్ఫుకు పోయే మేస్త్రీలు ఘడియ అడగడానికి వచ్చేవాళ్ళు. ఆయన పంచాంగం తీసి ఘడియ చెప్పేవాడు. తిరిగి రావడం గురించి మాత్రం అడగడం మానేశాడు. మెట్ల మీద సినిమా కథ మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. విదేశీయుల సెక్షన్ గుమ్మం ఆరేళ్ళు తొక్కలేదు.

రెండువేల తొమ్మిదిలో నల్లప్ప రిటైరయ్యాడు. ఆఫీసులో ఇచ్చే పార్టీకి రాకపోతే ఊరుకోనని ఇంటికొచ్చి చెప్పిపోయాడు. ఆ రోజు ఎలక్షన్ ఊరేగింపు మా వీధిని మొత్తం దిగ్బంధం చేసింది. డప్పులు, జెండాలు, ట్రాక్టర్లు. శ్రీరంగప్ప ఇస్త్రీ చొక్కాతో జనంలో నలిగి, ఓబమ్మ అరుగెక్కి నిలబడ్డాడు.

"పోలీసాఫీసుకేనా అన్నా?" అంది ఓబమ్మ. "ఈళ్ళు ఇప్పట్లో కదలరు. రా, ఎనక తలుపు తీస్తా."

కట్టెలమోపు పక్కకు లాగి పెరటి తలుపు తీసింది. అవతల సన్నటి సందు.

"ఇది ఎప్పటినించి ఉండాది?"

"నేను కాపరానికి వచ్చినప్పటినించి ఉండాది. బూడిద పారేసేది ఈడేగా."

"ఆ పొద్దు చెప్పలేదే?"

"కదపాకు అంటివి. కదపలేదు. తోవ అడిగితివా?"

శ్రీరంగప్ప సందులోకి దిగి నడిచాడు. అది ఇళ్ళ వెనకగా వంకరలు పోయి, పోలీసు ఆఫీసు వెనక గేటు దగ్గర తేలుతుంది. ఆయన వాకిలి దారిలో ఎక్కడా తగలదు.